కుండీలో పెరిగేది మొక్క కాదు, కేసు

మన కుటుంబం గ్రూపు మొదలైంది మిద్దె తోట కోసం. టమాటాకి ఊతం ఎట్లా కట్టాలి, కాకరకి పందిరి ఎట్లా వెయ్యాలి, కరివేపాకుకి పుల్ల మజ్జిగ పోస్తే మేలా కాదా, ఇవీ మన చర్చలు. ఈ మధ్య అందులో వేరే రకం వీడియోలు తిరుగుతున్నాయి. ఇంట్లోనే గంజాయి పెంచడం ఎట్లా, ఏ రకం తొందరగా వస్తుంది, పూత దశలో ఏ ఎరువు వెయ్యాలి. ఎవరు పంపారో రాయను. నవ్వు బొమ్మలు పెట్టినోళ్ళు మాత్రం పదిమందికి పైనే. "బాల్కనీలో ఒక కుండీ, ఎవరికి తెలుస్తుందిలే" అని రాసినోళ్ళు కూడా ఉన్నారు. అందులో ఇద్దరికి ఇంకా ఇంజనీరింగ్ పూర్తి కాలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. జిగణిలో అయినా, అనంతపురంలో అయినా, ఈ దేశంలో ఇంట్లో గంజాయి మొక్క పెంచడం సరదా కాదు, తిరుగుబాటు కాదు, సంప్రదాయం అసలే కాదు. ఇంటిల్లిపాదినీ పణంగా పెట్టే పని అది. అట్లాగని ఉన్న చట్టం బంగారం అని కూడా నేను అనను. అందులో వంకర ఉంది, దాని గురించీ రాస్తాను. కానీ ఆ వంకరని కుండీలో సరిచెయ్యలేము.

నేను చేసేది టెస్టర్ ఉద్యోగం. ఎవరైనా "ఇది బాగా పనిచేస్తుంది" అంటే "ఎక్కడ పనిచెయ్యదో చూద్దాం" అనడమే నా జీతం. గ్రూపులో మనవాళ్ళు చెప్పిన వాదనలు మొత్తం ఐదు. ఒక్కోదాన్నీ పరీక్షకి పెడతాను.

ఒకటో మాట: "అదీ ఒక మొక్కే కదా"

మొక్కే. ఎవరు కాదన్నారు? కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అందరూ ఎన్‌డీపీఎస్ అంటారే అది, గంజాయి అంటే ఏమిటో స్పష్టంగా రాసింది. ఆ మొక్క పూత కొనలు, కాయ కొనలు గంజాయి. కొనలు కలవకుండా విడిగా ఉన్న ఆకులు, విత్తనాలు ఆ నిర్వచనంలోకి రావు. ఇప్పుడు ఆ వీడియో ఇంకోసారి చూడండి. అది నేర్పేదేమిటి? పూతని ఎట్లా పెంచాలని. అంటే చట్టం సరిగ్గా వేలు పెట్టి చూపించిన భాగాన్నే బలిపించమని.

శిక్షల లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. ఈ చట్టం కింద గంజాయికి చిన్న మొత్తం అంటే 1 కిలో వరకు. ఆ లోపు దొరికితే శిక్ష గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. తాగినందుకు గరిష్ఠంగా ఆరు నెలలు, లేదా 10 వేలు, లేదా రెండూ. పెంచినందుకు? 20వ సెక్షన్‌లో పెంపకానికి విడిగా ఒక భాగం ఉంది. గరిష్ఠంగా పదేళ్ళ కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. అందులో కిలోల లెక్క లేదు. ఇన్ని మొక్కలైతే ఇంత అనే మెట్లు లేవు. ఎకరం తోటకీ బాల్కనీ కుండీకీ ఒకే సెక్షన్.

ఇదే నేను చెప్పిన వంకర. పొట్లానికి ఏడాది, మొక్కకి పదేళ్ళు. వీధిలో కొన్నవాడి కంటే తనకోసం ఒక్క మొక్క పెంచుకున్నవాడికి పెద్ద సెక్షన్ పడుతుంది. ఇది న్యాయమా అంటే కాదు. కానీ ఈరోజు అమల్లో ఉన్నది ఇదే. "ఇంట్లో పెంచుకోవడం కొనడం కంటే సేఫ్" అని గ్రూపులో చెప్పినవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి కూడా చూసి ఉండరు.

"దానంతట అదే మొలిచింది అని చెప్తాం" అని ఇంకొకరి తెలివి. ఈ వాదన నిలబడిన కేసు నిజంగానే ఉంది. 2004లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అలఖ్ రామ్ కేసులో, పొలంలో మొక్కలు కనిపించినంత మాత్రాన అతనే పెంచాడని రుజువైనట్టు కాదని సుప్రీంకోర్టు విడుదల చేసింది. హిమాచల్ కొండల్లో ఆ మొక్క కలుపులాగా మొలుస్తుంది. జిగణి అపార్టుమెంటు మూడో అంతస్తులో, ప్లాస్టిక్ కుండీలో, కొబ్బరి పొట్టు మధ్యలో, పక్కన ఎరువు డబ్బాతో దానంతట అదే మొలిచిందంటే ఏ జడ్జి నమ్ముతాడు? ఇంకా మాట్లాడితే, పూతకి ఎరువు వేసిన ప్రతిసారీ మనవాడు ఫోటో తీసి ఫోన్‌లో దాచుకుంటాడు. పెంపకం జరిగిందనడానికి అంతకన్నా సాక్ష్యం పోలీసులకి అక్కర్లేదు.

"ఎవరికి తెలుస్తుంది" అంటారా? 2024 నవంబరులో బెంగళూరులోనే ఒక జంట బాల్కనీ కుండీల వీడియో ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నారు. వేరే మొక్కల మధ్యలో గంజాయి మొక్కలు కనిపించాయి. చూసినవాళ్ళు పోలీసులకి చెప్పారు. తెలిసి పోలీసులు వచ్చేలోపు మొక్కలు పీకేసినా, కుండీలో మిగిలిన ఆకులు పట్టించాయి. స్వాధీనం చేసుకున్నది 54 గ్రాములు. అంతకు ముందు 2021లో బిడది దగ్గర ఒక విల్లాలో లైట్లు పెట్టి, మట్టి లేకుండా పెంచుతున్న విదేశీయులని సీసీబీ పట్టుకుంది. గొప్పోళ్ళ విల్లాలోనే దాగలేదు. మన వాటాల ఇళ్ళల్లో గోడకి గోడ ఆనుకుని ఉంటే, పూతకి వచ్చిన ఆ మొక్క వాసన ఎక్కడ దాస్తారు?

వాటాలు అన్నాను కాబట్టి ఇంకో సంగతి. మన కుటుంబాల్లో సగం మందికి జిగణి, బొమ్మసంద్ర, ఆనేకల్లు చుట్టూ అద్దె వాటాలు ఉన్నాయి. క్వారీ పనికీ, ఫ్యాక్టరీ షిఫ్టులకీ వచ్చిన పిల్లకాయలకి ఇస్తున్నాం. ఈ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, ఇంటి ఓనరుకి తెలిసి కూడా తన ఇంట్లో ఈ నేరం జరగనిస్తే, నేరం చేసినవాడికి ఉన్న శిక్షే ఓనరుకీ. 46వ సెక్షన్ ప్రకారం తన భూమిలో ఈ మొక్కని అక్రమంగా పెంచుతున్నారని తెలిస్తే అధికారులకి చెప్పడం భూమి గలవాడి బాధ్యత. ఇప్పుడు గ్రూపులో వీడియో చూసి నవ్వు బొమ్మ పెట్టిన చిన్నాయన రేపు "నాకు తెలియదు" అని ఎట్లా చెప్పగలడు?

రెండో మాట: "ఇది మన సంప్రదాయమే"

ఇది సగం నిజం. అథర్వవేదంలో భంగ పేరు ఉంది. కర్ణాటకలోనే యాదగిరి జిల్లా తింథిణి మౌనేశ్వర జాతరలో గంజాయిని ప్రసాదంగా ఇస్తారని 2020లో పత్రికలు రాశాయి. నేను కన్నడ మీడియంలో చదివినవాణ్ణి, అవధూతలు, ఆరూఢుల కథలు వింటూ పెరిగాను. ఆ మఠాల్లో చిలుము ఉందని నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఉత్తరాదిలో కొన్ని రాష్ట్రాల్లో భాంగ్‌కి సర్కారు దుకాణాలే ఉన్నాయి. 2022లో కర్ణాటక హైకోర్టు ఒక బెయిల్ కేసులో, భాంగ్ ఈ చట్టం కింద నిషేధించినదని చూపే ఆధారం తన ముందు లేదని చెప్పింది.

కానీ సంప్రదాయం అనే మాటని పూర్తిగా చదవాలి. ఆ జాతర్లలో అది ఏడాదికి ఒకసారి, పదిమంది మధ్యలో, పెద్దవాళ్ళ కళ్ళముందు జరిగేది. రాత్రి పదకొండుకి గది తలుపేసుకుని, చెవుల్లో హెడ్‌ఫోన్లతో ఒంటరిగా చేసేది సంప్రదాయం ఎట్లా అవుతుంది? మన ఇళ్ళ సంగతి చూస్తే, మన జేజిలు ఆ మొక్కకి ఇచ్చిన గౌరవం ఏమిటో ఒక్క సామెత చాలు: గంజాయి వనంలో తులసి మొక్క. తులసికోట పక్కన కుండీ పెట్టి "మన సంస్కృతి" అంటే ఆ సామెతనే తిరగేసినట్టు.

చరిత్ర ఇష్టమైనవాళ్ళకి ఇంకో మాట. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసింది. వెయ్యికి పైగా సాక్షులని విచారించి ఏడు సంపుటాల నివేదిక రాశారు. మితంగా వాడితే పెద్ద హాని కనపడలేదు, అతిగా వాడితే హాని ఉంది, పూర్తి నిషేధం వద్దు, లైసెన్సులు, పన్నులతో అదుపు చెయ్యండి అన్నారు. మనవాళ్ళు ఈ నివేదికలో మొదటి ముక్క మాత్రం పట్టుకుని తిరుగుతారు. ఆ రోజుల్లో బెంగాల్లోని నౌగావ్ ప్రాంతంలో పంట లైసెన్సు కింద పెరిగేది, గోదాములోకి పోయేది, తూకం వేసి పన్ను కట్టాకే బయటికి వచ్చేది. మగ మొక్కలని గుర్తుపట్టి పీకెయ్యడానికే ప్రత్యేకంగా మనుషులు ఉండేవాళ్ళు. ఎవరింట్లో వాళ్ళు పెంచుకోండి అని ఆ కమిషన్ చెప్పలేదు.

మూడో మాట: "అది మందు"

ఇదీ సగం నిజమే. ఆయుర్వేదంలో దాని పేరు విజయ. కానీ ఆయుర్వేదం దాన్ని శుద్ధి చెయ్యకుండా వాడదు. మన డ్రగ్స్ రూల్సులో వైద్యుడి పర్యవేక్షణలో మాత్రమే వాడాల్సిన విషద్రవ్యాల జాబితాలో దాన్ని పెట్టారు. ఇంగ్లీషు వైద్యంలో ఈ మొక్క నుంచి తీసిన సీబీడీతో తయారైన ఎపిడియోలెక్స్ అనే మందుకి 2018లో అమెరికా అనుమతి ఇచ్చింది. దేనికి? పిల్లల్లో వచ్చే అరుదైన, మొండి మూర్ఛ జబ్బులకి. అది మిల్లీగ్రాముల్లో కొలిచి ఇచ్చే మందు. అందులో మత్తునిచ్చే టీహెచ్‌సీని తీసేస్తారు. బాల్కనీ పూతలో ఉండేది ముఖ్యంగా ఆ టీహెచ్‌సీనే.

మన కుండీలో ఏ పువ్వులో ఎంత మత్తు ఉందో ఎవరు కొలుస్తారు? ఒకే మొక్కలో పై కొమ్మకీ కింద కొమ్మకీ తేడా ఉంటుంది. కొలత లేనిదాన్ని మందు అనడం కుదరదు. చిన్న వయసులో మొదలుపెట్టి తరచుగా, బలమైన రకం వాడేవాళ్ళకి మతి చెడే జబ్బులు వచ్చే ముప్పు ఎక్కువని పరిశోధనలు పదేపదే చూపిస్తున్నాయి. వంశంలో అలాంటి జబ్బు ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. మన వంశాల్లో ఎవరికి ఏ జబ్బు ఉండేదో మనం ఎప్పుడైనా పిల్లలకి చెప్పామా? సంబంధాలు తప్పిపోతాయని దాచిపెట్టాం. ఆ దాపరికంతో ఈ సరదా కలిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

నాలుగో మాట: "ఫారిన్‌లో లీగలే"

టొరంటోలో ఉన్న మన బావ రాశాడు కాబట్టి దీనికి మర్యాదగా జవాబు చెప్తాను. కెనడాలో 2018 అక్టోబరు నుంచి ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. నిజమే. కానీ అదే దేశంలో క్యూబెక్ రాష్ట్రం ఇంట్లో పెంచడాన్ని ఒప్పుకోలేదు. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్ళకి మూడు మొక్కలు ఒప్పుకుంది. థాయిలాండ్ 2022లో తలుపులన్నీ తెరిచింది, 2025లో డాక్టరు చీటీ ఉంటేనే అని మళ్ళీ సగం మూసింది. సింగపూర్‌లో 500 గ్రాములకు మించి గంజాయి రవాణా చేస్తే ఉరిశిక్ష. ఈ నాలుగు దేశాల్లోనూ మన తెలుగువాళ్ళు ఉన్నారు. ఒక ఊరి రూలుని ఇంకో ఊరికి మోసుకుపోతే ఏమవుతుందో ఈ వరస చూస్తే తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న అక్కలూ బావలూ ఇది ఇంకా జాగ్రత్తగా చదవాలి. మీ రాష్ట్రం ఒప్పుకుని ఉండొచ్చు. మీ వీసా ఇచ్చింది రాష్ట్రం కాదు. ఇమ్మిగ్రేషన్ ఫెడరల్ చట్టం కిందకి వస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు లైనులో ఉన్నా, వాడానని ఒప్పుకున్న ఒక్క మాట కూడా మీ ఫైలుని ఆపగలదు. పదేళ్ళ లైను ఒక కుండీ కోసం వదులుకుంటారా?

ఇక్కడి పిల్లలకీ అదే. పాస్‌పోర్టు చట్టం ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే, కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్టు ఇవ్వడానికి నిరాకరించవచ్చు. తీర్పు వచ్చేదాకా అక్కర్లేదు, కేసు నడుస్తుంటే చాలు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరేముందు వెరిఫికేషన్ ఉంటుంది. మాస్టర్స్‌కి పోవాలని రెండేళ్ళుగా జీఆర్ఈ పుస్తకాలు మోస్తున్న పిల్లవాడే ఆ వీడియోకి బొటనవేలు బొమ్మ పెట్టాడు. వాడికి ఇది ఎవరు చెప్పాలి?

ఐదో మాట: "ఇంట్లో పెంచుకుంటే దళారీలకి డబ్బు పోదు"

ఐదింటిలో బలమైన వాదన ఇదే. అందుకే చివర పెట్టాను.

మన ఆంధ్ర, ఒడిశా సరిహద్దు ఏజెన్సీలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. చింతపల్లి, జి.మాడుగుల వైపు కొండల్లో పెరిగిన సరుకుకి శీలావతి అని పేరు. ఒక పతివ్రత పేరు పెట్టారు చూడండి! 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన అని మొదలుపెట్టి వేల ఎకరాల పంట కొట్టేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు గుట్టలు పోసి తగలబెట్టారు. పంట వేసిన గిరిజన రైతుకి దక్కింది కొంచెం. పెట్టుబడి పెట్టిన దళారీ దూరంగా ఉండిపోయాడు. జైల్లో పడింది రైతు, మూట మోసిన కూలీ, లారీ క్లీనరు. నగరాల్లో తాగినవాడి దాకా ఆ వేడి పెద్దగా రాలేదు.

కాబట్టి "నేను కొనను, ఆ పాపంలో నాకు భాగం వద్దు" అనే మాటలో నీతి ఉంది. ఒప్పుకుంటాను. కానీ తరువాతి మెట్టు చూడండి. విత్తనం ఎక్కడినుంచి వస్తుంది? అదే దళారీ దగ్గర నుంచి, లేదా పోస్టులో విదేశాల నుంచి. మొక్క పోతే, పురుగు పడితే, పూత రాకపోతే ఏం చేస్తాడు? మళ్ళీ అదే సందు చివరికి పోయి కొంటాడు. పంట ఎక్కువొస్తే? స్నేహితుడికి ఇస్తాడు. ఇక అది స్వంత వాడకం అని చెప్పుకోవడానికి ఉండదు, చేతులు మారినట్టు లెక్క. దళారీ గొలుసు తెగదు, మనవాడు అందులో ఒక కొత్త లింకు అవుతాడు.

ఇంకొకటి. ఆ కొండల్లో ఇప్పుడు గంజాయి బదులు కాఫీ, మిరియాలు, రాజ్మా, పసుపు వేయించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఏజెన్సీ రైతు మీద నిజంగా జాలి ఉంటే అరకు కాఫీ కొనండి. అది చట్టబద్ధం, పైగా రుచిగా ఉంటుంది.

మరి చట్టం మారాలంటే?

మారాలి అనే నేనూ అంటాను. తన వాడకానికి ఒక్క మొక్క పెట్టుకున్నవాడిని ఎకరాల తోట వేసినవాడితో ఒకే సెక్షన్‌లో కట్టడం తప్పు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అతి ప్రమాదకరమైన వాటి జాబితా నుంచి 27-25 ఓట్లతో తీసేసినప్పుడు మన దేశం కూడా తీసెయ్యమనే ఓటు వేసింది. ఈ చట్టంలోనే 14వ సెక్షన్ నార కోసం, విత్తనం కోసం ప్రభుత్వ అనుమతితో పెంచే దారి ఇచ్చింది. ఉత్తరాఖండ్ ఆ దారిన మత్తు అతి తక్కువ ఉండే రకాలకి లైసెన్సులు ఇచ్చింది. 2021లో ఆహార భద్రతా సంస్థ దాని గింజల్ని, గింజల నూనెని తిండి పదార్థాలుగా ఒప్పుకుంది. 2019లో గ్రేట్ లీగలైజేషన్ మూవ్‌మెంట్ అనే ట్రస్టు ఢిల్లీ హైకోర్టుకి పోయింది. దారులు ఇట్లా ఉంటాయి. పిటిషన్, ఎంపీకి ఉత్తరం, పత్రికలో వ్యాసం. పేరు పెట్టుకుని, పగటిపూట చేసే పనులు ఇవి. బాల్కనీలో పరదా వెనక పెంచేవాడు చట్టాన్ని ఎదిరించడం లేదు, చట్టం నుంచి దాక్కుంటున్నాడు.

పెద్దవాళ్ళకి

ఇప్పటిదాకా పిల్లల్ని తిట్టాను, ఇక మీ వంతు. గ్రూపులో ఆ వీడియో వచ్చినప్పుడు మీరు చేసింది రెండే పనులు. కొందరు నవ్వారు. మిగతావాళ్ళు "ఛీ, ఆ పేరు ఎత్తొద్దు" అని గ్రూపు నుంచి బయటికి పోయారు. రెండూ ఒకటే. పేరు ఎత్తకపోతే పిల్లకాయలు అడగడం మానరు, యూట్యూబ్‌ని అడుగుతారు. యూట్యూబ్ ఎరువు పేరు చెప్తుంది, సెక్షన్ నంబరు చెప్పదు.

ఎవరైనా నిజంగా అలవాటు పడి ఉంటే దాచిపెట్టొద్దు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు అనే పాత మందు అసలే వద్దు. ఈ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. చిన్న మొత్తంతోనో, వాడకంతోనో కేసులో పడ్డ బానిస తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి ఒప్పుకుని పూర్తి చేస్తే, ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. పెంచినవాడికి ఆ తలుపు తెరిచి లేదు, గమనించండి. హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్‌లో వ్యసనాల చికిత్సకే ప్రత్యేక విభాగం ఉంది. జిగణి నుంచి ఎంత దూరం? ఇంట్లోంచి కదలలేకపోతే 14446 కి ఫోన్ చెయ్యండి. మనసు బాగాలేదంటే 14416.

చివరగా, పూత దశ ఎరువు గురించే తెలుసుకోవాలని నిజంగా కుతూహలం ఉంటే, దానికి చామంతి చాలు. అదీ ఈ మొక్కలాగే రాత్రి పెద్దదైతేనే మొగ్గ తొడుగుతుంది. బెంగళూరులో పగలు ఏడాది పొడుగునా సుమారు 11 గంటల 20 నిమిషాల నుంచి 12 గంటల 50 నిమిషాల మధ్యే తిరుగుతుంది, అందుకే పూత ఆపాలనుకునే చామంతి రైతులు రాత్రిపూట తోటలో బల్బులు వెలిగిస్తారు. ఆకు పెరిగేటప్పుడు పశువుల ఎరువు, వేరుశెనగ చెక్క. మొగ్గ కనిపించగానే నత్రజని తగ్గించి పొటాష్, లేదా చిటికెడు కట్టెల బూడిద. రంగు కనిపించాక ఎరువు ఆపెయ్యాలి. కొసలు ముందే గిల్లితే గుబురుగా పూస్తుంది.

ఇది గ్రూపులో ఎంతమందికైనా పంపుకోండి. ఆ ఇంకో వీడియో పంపినవాళ్ళు మాత్రం ఈ ఆదివారం లోపు దాన్ని తీసెయ్యాలి. తీయకపోతే అడ్మిన్‌గా నేనే తీస్తాను. పంపినవాళ్ళ ఇంటికి వచ్చి, వాళ్ళ అమ్మానాన్నల ముందే కూచుని, ఈ సెక్షన్లన్నీ మళ్ళీ ఒకసారి చదివి వినిపిస్తాను.